తేనె ఎప్పుడు కోయాలో ఎవరు చెప్పాలి?

నల్లమలలో కొండచరియకు వేలాడే పెద్ద తేనెపట్టు కింద నుంచి చూస్తే ఒకే ముద్దలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే రెండు భాగాలుగా తెలుస్తుంది. రాతికి అతుక్కున్న పై మూల బాగా ఉబ్బి, కొన్ని పట్లలో జానెడు మందం దాకా ఉంటుంది. తేనె దాచేది అక్కడే. దాని కింద రెండు వేళ్ల మందాన అర్ధచంద్రాకారంలో వేలాడేది పిల్లల భాగం. గుడ్లు, తెల్ల పురుగులు, వాటికి పెట్టే పుప్పొడి అంతా అందులోనే. పని తెలిసిన చెంచు ఎండు గడ్డి మీద పచ్చి ఆకులు చుట్టి కట్టిన కట్టకు నిప్పు పెట్టి పొగ పట్టిస్తాడు. మంట రాకూడదు, పొగ మాత్రమే రావాలి. మంట తగిలితే ఈగలు రెక్కలు కాలి రాలిపోతాయి. పొగకు ఈగలు పక్కకు జరగగానే పై మూలను కోసి బుట్టలో పెట్టి కిందికి దించుతాడు. పిల్లల భాగం రాతికి పట్టుకుని నిలిచేంత మైనం వదిలేస్తాడు. అడవిలో పూత ఇంకా ఉంటే ఈగలు కొన్ని వారాల్లో ఆ మూలను మళ్ళీ కట్టి నింపుతాయి. అదే పట్టు నుంచి అదే వేసవిలో రెండోసారీ తేనె వస్తుంది.

మొత్తం పట్టును నరికి కింద పడేసి గుడ్డలో వేసి పిండితే ఒకేసారి ఎక్కువ బరువు చేతికొస్తుంది. ఆ బరువులో పురుగుల రసం ఉంటుంది, పుప్పొడి ఉంటుంది, మైనం మూత పడని గదుల్లోని పలచటి తేనె ఉంటుంది. అలాంటి తేనె డబ్బాలో నురగ కట్టి కొన్నాళ్లకే పులుస్తుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. అడవి తేనెలో మామూలుగానే తేమ ఎక్కువ, తొలకరి దగ్గర పడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. దానికి ఈ పిండుడు తోడైతే పరీక్షలో నిలవడం కష్టం. పిల్లలు పోయిన గుంపు ఆ చరియను వదిలి వెళ్తుంది. ఏటేటా అదే రాతికి తిరిగొచ్చే అలవాటున్న ఈగలవి. గుంపులు తగ్గుతూ పోతే చరియ మీద పాత మైనం మరకలే మిగులుతాయి.

ఇదంతా చెంచులకు తెలియదని శిక్షణలు ఇస్తున్నామా? చెంచు పెంటల్లో (చెంచుల చిన్న గూడేల్లో) పెద్దవాళ్లను కదిపితే పట్టులో ఏ భాగం ఏమిటో, ఏ పూతకు ఏ రంగు తేనె వస్తుందో, తొర్ర తేనెకీ జుంటి తేనెకీ తేడా ఏమిటో చెబుతారు. మరి తెలిసి కూడా మొత్తం పట్టు ఎందుకు నరుకుతున్నారు? పిల్లల భాగాన్ని వదిలేసి వస్తే, రేపు ఇంకొకరు వచ్చి దాన్ని కూడా నరుక్కుపోతారు గనుక. ఆ ఇంకొకరిని 'ఆగు' అనే అధికారం ఇవాళ పెంటకు లేదు గనుక. మూత పడేదాకా పది రోజులు ఆగుదామనుకుంటే ఈలోగా పట్టు ఎవరిదవుతుందో తెలియదు గనుక.

ఆదివాసీ జ్ఞానం గురించి మన దగ్గర జరిగే చర్చలో ఈ ముక్కే జారిపోతోంది. జ్ఞానాన్ని పెద్దవాళ్ల తలలో ఉన్న సమాచారంగా భావించి, రాసుకుని పుస్తకంలో పెడితే భద్రంగా ఉంటుందనుకుంటున్నాం. మొక్కల పేర్లు, మందుల జాబితాలు, పాటలు నమోదు చేస్తున్నాం. అవి అవసరమే. కానీ అడవి మీద ఆధారపడిన జీవితంలో జ్ఞానం చాలావరకు 'ఎప్పుడు', 'ఎంత', 'ఎవరు' అనే నిర్ణయాల్లో ఉంటుంది. ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఊరి చేతి నుంచి పోయినప్పుడు, తెలిసిన మనిషి కూడా తెలియనివాడిలాగే పని చేస్తాడు. అలా ఒక తరం గడిస్తే, తర్వాతి తరానికి నిజంగానే తెలియకుండా పోతుంది.

పాత ఏర్పాటులో ఈ అధికారం ఎక్కడ ఉండేదో చూడండి. 1940లో నిజాం వైపు నల్లమలలో చెంచులతో గడిపిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, ఒక్కో చెంచు గుంపుకు అడవిలో తనదైన హద్దు ఉండేదని నమోదు చేశాడు. గడ్డలు తవ్వినా, తేనె తీసినా ఆ హద్దు లోపలే. చరియ మీదికి తాడు దించేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. దిగేవాడికి ఏమైనా అయితే తన అక్కో చెల్లెలో పసుపుకుంకుమలు పోగొట్టుకుంటుంది కాబట్టి వాడు తాడు వదలడన్న నమ్మకం. ఈ ముచ్చటను మనం వింత ఆచారంగా చెప్పుకుంటాం. పని పరంగా చూస్తే ఇది భద్రతా నియమం, అంతకు మించి హక్కు నియమం కూడా. ఇద్దరు బావమరుదులు కలిస్తేనే చరియ దిగగలిగే పనిలో, ఆ చరియ ఎవరి కుటుంబాలదో ఊరందరికీ తెలిసి ఉంటుంది. ఎవరు పడితే వాళ్లు రాత్రికి రాత్రి వచ్చి కోసుకుపోయే వీలు తక్కువ.

తూర్పు కనుమల్లో ఇదే పని 'కొత్త' పండుగలు చేశాయి. మామిడి కొత్త జరిగేదాకా కాయ కోయకూడదు, కొత్త చిక్కుడు దేవతకు పెట్టేదాకా నోట పెట్టకూడదు. కొండరెడ్లకు, కోయలకు, కొండదొరలకు పేర్లు వేరైనా నియమం ఇంచుమించు ఒకటే. మామిడి విషయంలో దీని లెక్క చాలా లోతైనది. పండిన కాయ నుంచి గుజ్జు వస్తుంది, ఎండబెడితే తాండ్ర అవుతుంది. టెంకలోని జీడి ముదురుతుంది. ఆ జీడిని తీసి, బుట్టల్లో పోసి, పారే వాగునీటిలో వగరు పోయేదాకా నానబెట్టి, బాగా ఎండబెట్టి, పిండి చేసుకుంటే వానాకాలంలో గాదెలు ఖాళీ అయిన నెలల్లో అంబలికి ఆసరా. పచ్చి కాయ కోసేస్తే ఆ జీడి లేదు. ఈ వరసలో ఎండబెట్టే దశ తప్పితే ప్రాణాలకే ముప్పు. తడి ఆరని జీడికి బూజు పడుతుంది, విషమవుతుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో మామిడి జీడి అంబలి తిన్న ఆదివాసీలు చనిపోయినప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. వాళ్ల తిండినే తప్పు పట్టినవాళ్లు ఎక్కువ. ఆ ఇళ్లలో జీడి తప్ప వేరే గింజ ఎందుకు లేదని అడిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు మొర్రి గింజలోంచి వచ్చే సారపప్పు సంగతి తీసుకోండి. మొర్రి పండు వేసవిలో నల్లబడి పక్వానికి వస్తుంది. అప్పుడు ఏరితే లోపలి పప్పు నిండుగా ఉంటుంది, పిట్టలూ ఎలుగుబంట్లూ తిని వదిలిన గింజ మొలుస్తుంది. కానీ సంతలో సారపప్పుకు మంచి ధర. అందుకని పక్క ఊరివాళ్ల కంటే ముందు కోయాలన్న ఆత్రంతో పచ్చి కాయనే దులుపుతున్నారు. చేతికందని కొమ్మను గొడ్డలితో నరుకుతున్నారు. పచ్చి కాయలో పప్పు ముడుచుకుపోయి తూకం తగ్గుతుంది, నరికిన కొమ్మ మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. నష్టం ఏరినవాళ్లకే. కొండ చీపురు విషయంలోనూ అంతే. సంక్రాంతి దాటాక ముదిరిన పుల్లను కొడవలితో కోస్తే దుబ్బు బతికి వచ్చే ఏడు మళ్ళీ పుల్ల వేస్తుంది. పోటీలో కొడవలి తీసే తీరిక కూడా ఉండదు. చేత్తో లాగేస్తారు, దుబ్బు వేళ్లతో సహా లేచి వస్తుంది.

తపసి చెట్టు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఆదివాసీ జ్ఞానమంటే వేల ఏళ్లుగా మారకుండా వస్తున్నదేదో అన్న భ్రమను ఈ చెట్టు పోగొడుతుంది.

ఎండు కొండల మీద, రాళ్ల మధ్య పెరిగే చెట్టు ఇది. వేసవిలో ఆకంతా రాల్చి, కాగితంలా పొరలు లేచే తెల్లటి బెరడుతో నిలబడుతుంది. వెన్నెల్లో చూసినవాళ్లు దయ్యపు చెట్టని ఎందుకు అన్నారో ఇట్టే అర్థమవుతుంది. బెరడుకు గాటు పెడితే బంక ఊరుతుంది, మొదటి రోజు ఎక్కువగా, తర్వాత కొన్ని రోజులు తగ్గుతూ. ఈ బంక నీళ్లు పీల్చి అనేక రెట్లు ఉబ్బుతుంది. అందుకే విరేచన మందుల్లో, కట్టుడు పళ్లను చిగుళ్లకు అంటించే పొడుల్లో, ఆహార పరిశ్రమలో దీనికి గిరాకీ. ఇక్కడి కొండల నుంచి ఐరోపాకూ అమెరికాకూ వెళ్తుంది. ఆదివాసీలు తమ సొంతానికి వాడుకున్నది చాలా తక్కువ. అంటే బంక కోసం చెట్టును గాట్లు పెట్టే పని వ్యాపారంతో వచ్చింది, దానికి తగిన నియమం తయారయ్యే వ్యవధి లేకుండా వచ్చింది. ఫలితంగా గొడ్డలితో లోతుగా నరికారు. దెబ్బ బెరడు దాటి చెక్కలోకి దిగితే గాయం మానదు. అందులో నీళ్లు నిలిచి కుళ్లు పడుతుంది, చెదలు పడతాయి, ఒక ఈదురుగాలికి చెట్టు విరిగిపోతుంది. చెట్టు చుట్టూ గాట్లు కలిసిపోతే ఆకుల నుంచి వేళ్లకు ఆహారం దిగదు, నిలువునా ఎండిపోతుంది. తపసి విత్తనం మొలవడం, మొలిచినది మేకల నుంచీ మంటల నుంచీ తప్పించుకోవడం కూడా కష్టమే కాబట్టి పోయిన చెట్టుకు బదులు రావడం లేదు. మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో ఒక దశలో బంక తీయడాన్నే నిషేధించారు.

మన దగ్గర గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే స్వచ్ఛంద సంస్థ కోవెల్ ఫౌండేషన్ వంటివి మరో దారి పట్టాయి. పద్ధతి మార్చాయి. మూడు అడుగుల చుట్టుకొలత లేని చెట్టును ముట్టుకోకూడదు. గొడ్డలి బదులు వంపు తిరిగిన చిన్న కత్తితో బెరడు పైపొరలను మాత్రమే చెక్కాలి. చెక్క కనిపించిందంటే తప్పు జరిగినట్టే. తర్వాతి విడతలో కొత్త చోట నరకకుండా, అదే గాటు పై అంచును పలచగా గీరి తాజా చేయాలి. రెండు గాట్ల మధ్య ఖాళీ బెరడు వదలాలి. వాన మొదలవగానే ఆపాలి, తడిస్తే బంక ఎలాగూ చెడుతుంది. కొన్నాళ్లు తీసిన చెట్టుకు విరామం ఇవ్వాలి. తీసిన బంకను నేల మీద పడేయకుండా శుభ్రమైన బుట్టలో వేసి, గుడ్డ మీద ఆరబెట్టి, బెరడు ముక్కలు ఏరేయాలి. తెల్లగా, పారదర్శకంగా ఉన్నది మొదటి రకం. ఎర్రబారి, బెరడు అంటుకున్నది కిందికి దిగిపోతుంది. ధరలో తేడా చాలా ఉంటుంది.

చెంచులు, కోయలు, కొండరెడ్లు ఈ కొత్త పద్ధతిని నేర్చుకున్నారు, నేర్పుతున్నారు. ఇదీ ఆదివాసీ జ్ఞానమే. నిన్న మొన్న కలిసిన కొత్త భాగమది. పాతదైతేనే గౌరవిస్తామనడం వాళ్లను మ్యూజియంలో పెట్టడమే. అయితే చెట్టుకు విరామం ఇచ్చే నియమం దగ్గర మళ్ళీ పాత చిక్కే ఎదురవుతుంది. నేను ఈ ఏడు వదిలేసిన తపసిని పొరుగువాడు వదిలేస్తాడా? చెట్లను కుటుంబాల వారీగా పంచుకుని, ఆ పంపకాన్ని ఊరంతా ఒప్పుకున్న చోట విరామం నిలుస్తుంది. లేనిచోట ఎంత మంచి కత్తి ఇచ్చినా లాభం లేదు.

ఈ అధికారం ఎలా పోయిందన్నది తెలుగువాళ్లకు తెలిసిన చరిత్రే. 1879 రంప పితూరీకి కారణాల్లో కల్లు చెట్ల మీద వేసిన చిగురు పన్ను ఒకటి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును, అటవీ ఫలసాయాన్ని సర్కారు అనుమతి కిందికి తెచ్చింది. 1922-24 మన్యం తిరుగుబాటు వెనుక ఆ కడుపుమంట ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్ ప్రాణమిచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. స్వాతంత్ర్యం తర్వాత 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ షావుకార్ల దోపిడీకి అడ్డుకట్ట వేసిన మాట నిజం. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు దాని గుత్తాధిపత్యం అయింది. కొనేవాడు మారాడు. ఎప్పుడు కోయాలో ఊరు చెప్పే రోజు మాత్రం రాలేదు. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతం పులుల అభయారణ్యం కావడంతో చెంచులకు తమ చరియల దగ్గరికి వెళ్లడమే అధికారుల దయ మీద ఆధారపడిన విషయమైంది.

నిప్పు సంగతి ఇంకా జటిలం. ఇప్ప పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకులు దట్టంగా ఉంటే పువ్వు కనపడదు, పాములు తేళ్ల భయం. అందుకని మార్చిలోనే చెట్టు కింద ఆకులు ఊడ్చి తగలబెడతారు. చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పున నేల గీకి, గాలి లేని వేళ అంటించి, ఆరేదాకా దగ్గరే ఉంటే ఆ మంట అక్కడే చల్లారుతుంది. అంటించి ఇంటికెళ్తే మధ్యాహ్నం గాలికి కొండంతా అంటుకుంటుంది. పాత చీర గానీ వల గానీ పరిచి పువ్వు పట్టడం దీనికి సులభమైన ప్రత్యామ్నాయం. పువ్వుకు మట్టి అంటదు కాబట్టి ధర కూడా వస్తుంది. ఇక్కడ నిప్పు వద్దనడం సరైనదే.

కానీ ప్రతి నిప్పూ ఒకటి కాదని పొరుగున కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్ట కొండల్లోని సోలిగ ఆదివాసీలు పట్టుబట్టి చెప్పారు. చలి పూర్తిగా పోకముందే, నేలలో కొంత తడి ఉండగానే వాళ్లు పెట్టే మంట మోకాలి ఎత్తు దాటదు. రాలిన ఆకులను కాల్చి ఊరుకుంటుంది. దాన్ని వాళ్లు తరగు బెంకి అంటారు. 1974లో ఆ అడవి అభయారణ్యమయ్యాక ఆ నిప్పును ఆపేశారు. సోలిగల లెక్క ప్రకారం ఆ తర్వాతే లంటానా కంప అడవిని కమ్మింది, ఉసిరి చెట్ల మీద బదనిక (చెట్టు రసం పీల్చి బతికే మొక్క) విపరీతంగా పెరిగింది. నేల మీద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తకు నడివేసవిలో ప్రమాదవశాత్తు అంటుకున్న నిప్పు చెట్ల తలలదాకా ఎక్కింది. అక్కడ పనిచేసే పరిశోధకులు ఈ వాదనను తీసిపారేయకుండా కొలతలు తీసి పరిశీలించారు. 2011లో సోలిగలకు పులుల అభయారణ్యం లోపలే సామూహిక అటవీ హక్కులు దక్కాయి. పులి ఉన్నచోట మనిషికి హక్కు పత్రం ఇవ్వడం కుదరదని మన నల్లమలలో, అమ్రాబాద్‌లోనో మార్కాపురం వైపో ఎవరైనా అంటే, చూపించడానికి ఈ ఉదాహరణ ఉంది.

చట్టంలోనూ ఆధారం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో రిజర్వు అడవులు, అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా కలిసే ఉన్నాయి. సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఇస్తుంది. తేనె, మైనం, తునికాకు, వెదురు, వేళ్లు, గడ్డలు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 3(1)(ఐ) ఆ అడవిని కాపాడే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు ఇస్తుంది. నా దృష్టిలో ఈ రెండోది మొదటిదాని కంటే పెద్దది. ఏరుకునే హక్కు ఒక్కటే ఇచ్చి ఆపే హక్కు ఇవ్వకపోతే మొర్రి చెట్టుకు జరుగుతున్నదే మిగతా వాటికీ జరుగుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వాల దృష్టీ, రాజకీయ పార్టీల దృష్టీ, నిజం చెప్పాలంటే ఉద్యమాల దృష్టీ ఎక్కువగా వ్యక్తిగత పట్టాల మీదే నిలిచింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాల పోడు భూములకు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. ఆ పట్టా లేక కేసుల పాలైన కుటుంబాలకు అది ప్రాణాధారం, దాన్ని తక్కువ చేయను. అయితే పోడు జ్ఞానం పట్టాలో ఇమడదు. కొండరెడ్డి పోడులో మాఘ ఫాల్గుణాల్లో చెట్టును మోకాలి ఎత్తున నరికి మోడు వదిలేవారు, వేరు బతికి మళ్ళీ చిగురించాలని. ఇప్ప, చింత, మామిడి, జీలుగును ముట్టుకునేవారు కాదు. కాల్చిన బూడిదలో కర్రతో గుంట చేసి సామ, కొర్ర, జొన్న, బొబ్బర, కంది కలిపి వేస్తే వానాకాలం చివర మొదలై మాఘం దాకా ఒకదాని తర్వాత ఒకటి చేతికొచ్చేవి. రెండు మూడేళ్లకు నేలను వదిలి పదేళ్లకు పైగా అడవికి అప్పగించేవారు. తిరగడానికి కొండ ఉన్నప్పుడే ఆ పద్ధతి నడుస్తుంది. ఒక్క కుటుంబానికి కొలిచి గీసిన నాలుగెకరాల్లో నేలకు విశ్రాంతి ఎక్కడ? అదే ముక్కను ఏటా దున్నాలి, లేదా జీడిమామిడి వేయాలి. నేల కొట్టుకుపోతోందని అదే రైతును తర్వాత నిందిస్తాం.

సామూహిక హక్కుల దగ్గరకు వచ్చేసరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి దశలో చాలాచోట్ల పత్రాలు వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చారు. ఆ సమితులు అటవీ శాఖ ఏర్పాటు చేసినవి. హక్కు గ్రామసభదని చట్టం చెబుతుంటే, శాఖ చేతి కింది సమితికి పత్రమిచ్చి సామూహిక హక్కులు ఇచ్చేశామని లెక్క రాసుకోవడం అన్యాయం. ఆ లెక్క సరిదిద్దాల్సిన బాధ్యత ఇప్పుడు రెండు రాష్ట్రాల మీదా ఉంది.

ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖ గ్రామానికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు వచ్చింది. 2011లో తమ వెదురును తామే రవాణా పర్మిట్ రాసి అమ్ముకునే అధికారం సాధించుకున్నారు. దానికంటే నన్ను ఆలోచింపజేసేది పక్కనే ఉన్న చంద్రపూర్ జిల్లాలోని పాచ్‌గావ్. అక్కడివాళ్లు 2012లో హక్కు పత్రం చేతికి రాగానే తునికాకు కోత ఆపేశారు. తునికాకు మంచి ఆకు కావాలంటే వేసవికి ముందు కొమ్మలు కొట్టాలి, నేల కాల్చాలి. నలభై అయిదు రోజుల్లో లేత ఆకు వస్తుంది, కానీ తునికి పండు రాదు, అడవికి మంట తప్పదు. వచ్చే డబ్బు కంటే పోయేది ఎక్కువని గ్రామసభ లెక్క వేసి, వెదురు అమ్మకం మీద బతకగలమని నిర్ణయించుకుంది. ఆ మూడు నాలుగు వారాల తునికాకు కూలి మన ఏజెన్సీ కుటుంబాలకు ఏడాది ఖర్చులో ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకు ఆ నిర్ణయం బరువు అర్థమవుతుంది. అందరూ అలాగే ఆపాలని నేననడం లేదు. ఆపాలా వద్దా అన్నది చర్చకు పెట్టగల స్థితి వాళ్లకు హక్కు పత్రంతోనే వచ్చింది.

ఈ వ్యవహారం మన ఇళ్లదాకా వచ్చే చోటు కూడా ఒకటుంది. రాయలసీమలో వేసవి వస్తే నన్నారి షర్బత్ తాగని వీధి ఉండదు. అసలు సుగంధిపాల వేరు సన్నది, తక్కువ దొరుకుతుంది. బజారులో షర్బత్‌కు ఎక్కువగా వాడేది లావుగా, కండతో ఉండే మారేడు గడ్డలు. నల్లమల, శేషాచలం కొండల్లో రాళ్ల సందుల్లో పెరిగే తీగ అది. పక్క వేళ్లను కొన్ని తీసుకుని తల్లి వేరును మట్టితో కప్పి వదిలితే తీగ బతుకుతుంది. చెంచులు తిండి గడ్డలకు పాటించిన పద్ధతి కూడా ఇలాంటిదే, తీగ అంటిన తల భాగాన్ని గుంటలో తిరిగి పెట్టి మట్టి కప్పడం. కానీ కొనేవాడు కిలోల లెక్కన, పిండేవాడు వందల కిలోల లెక్కన అడిగినప్పుడు గునపం రాళ్లను పెకిలించి మొత్తం లాగేసింది. ఇప్పుడా మొక్క అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేరింది.

హక్కు పత్రం కోసం ఏం చేయాలో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే చాలా పెంటల్లో, గూడేల్లో ఇంకా ఫారం-సి మొహం చూసినవాళ్లు లేరు. వ్యక్తిగత భూమికి ఫారం-ఏ, సామూహిక వినియోగానికి ఫారం-బి, అడవి నిర్వహణ హక్కుకు ఫారం-సి. మూడోది 2012 సవరణతో వచ్చింది. గ్రామసభకు సగం మంది హాజరు కావాలి, వచ్చినవారిలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలి. ఈ కోరం లేదన్న సాకుతోనే ఎన్నో తీర్మానాలు వెనక్కి వస్తాయి కాబట్టి సంతకాలు, వేలిముద్రలు అదే రోజు రిజిస్టర్‌లో పడాలి. హద్దుల పటం గీసేటప్పుడు రెవెన్యూ గ్రామం గీత పట్టుకోనక్కర్లేదు, ఆచారంగా వాడుకుంటున్న హద్దు సరిపోతుంది. తేనె చరియలు, తపసి గట్లు, గడ్డల చోట్లు, వాగు ఊటలు, దేవతల గద్దెలు, పాత పెంటల ఆనవాళ్లు, కట్టెకు వెళ్లే దారులు పేరుపేరునా పటంలో రాయాలి. పక్క గ్రామంతో కలిసి వాడుకునే చోటు ఉంటే ముందే కూర్చుని మాట్లాడుకుని ఉమ్మడిగా చూపించాలి. ఇక్కడ తొందరపడి దాచిపెడితే తర్వాత దరఖాస్తులు పరిశీలించే డివిజన్ కమిటీ దగ్గర రెండు ఊళ్ల తగవై దరఖాస్తు ఆగిపోతుంది. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, అయితే ఒక్కటే చాలదు, దానికి తోడు ఇంకొకటి ఉండాలి. తనిఖీకి వచ్చిన అటవీ, రెవెన్యూ సిబ్బంది హోదాతో సహా సంతకం పెట్టాలని నిబంధన ఉంది, అది అడిగి తీసుకోవాలి.

పటం మీద చరియ పేరు రాయించేటప్పుడు పెద్దాయన పక్కన పదిహేనేళ్ల పిల్లవాడు కూర్చుంటే, ఏ చరియకు ఏ దారిన దిగాలో, ఎవరి కుటుంబం దిగేదో, ఏ ఏడు ఎందుకు వదిలేశారో అక్కడే వింటాడు. ఏ శిక్షణ శిబిరంలోనూ ఇంత దగ్గరగా వినే అవకాశం రాదు.

పత్రం వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేని పని ఒకటి ఉంది. కొనేచోట రెండు డబ్బాలు పెట్టాలి. పై మూల కోసి, గుడ్డ మీద దానంతట అదే కారేలా వదిలిన తేనె ఒక డబ్బాలో, పిండిన తేనె రెండో డబ్బాలో. తేమ కొలిచే చిన్న పరికరం చేతిలో పట్టేంత ఉంటుంది, ఒక్క చుక్క వేస్తే అంకె చెబుతుంది. రెండు డబ్బాలకు రెండు ధరలు బోర్డు మీద తెలుగులో రాసి, తెచ్చినవాళ్ల కళ్లముందే కొలవాలి. రెండూ ఒకే డబ్బాలో పోసి ఒకే ధర కట్టినంతకాలం, పిల్లల భాగాన్ని వదిలేసి వచ్చిన చెంచు ఆ కరుణకు తన జేబులోంచే ఖరీదు చెల్లిస్తున్నాడు.